ట్రాన్స్‌క్రిప్టోమ్ అనొటేషన్: ఎంత సమయం, ఎంత సిస్టమ్?

డీఎన్ఏ, ఆర్ఎన్ఏల అక్షర క్రమాన్ని చదివే సీక్వెన్సింగ్ ఖర్చు తగ్గాక విశాఖపట్నంలో జీవశాస్త్ర పరిశోధన తీరు కొంత మారింది. రొయ్య మొప్పల నుంచో, చేప కాలేయం నుంచో తీసిన ఆర్ఎన్ఏను బయటి కంపెనీకి పంపి, కొన్ని వారాల తర్వాత హార్డ్ డిస్క్‌లోనో డౌన్‌లోడ్ లింకు రూపంలోనో డేటా తెప్పించుకోవడం ఇప్పుడు ఓ మోస్తరు ప్రాజెక్టు నిధులతోనే సాధ్యమవుతోంది. అసలు ఇబ్బంది డేటా చేతికి వచ్చాక మొదలవుతుంది. ఒక కణజాలంలోని ఆర్ఎన్ఏల మొత్తాన్ని ట్రాన్స్‌క్రిప్టోమ్ అంటారు. లక్షల సంఖ్యలో ఉన్న దాని సీక్వెన్సులలో ఏది ఏ జన్యువుదో, అది తయారుచేసే ప్రోటీన్ ఏ పని చేస్తుందో గుర్తించి పేరు పెట్టే పనినే అనొటేషన్ అంటారు. దీనికి ఎన్నాళ్లు పడుతుంది, ఎలాంటి సిస్టమ్ కావాలి అని అడిగితే ఒకరు రెండు గంటలంటారు, మరొకరు మూడు నెలలంటారు. ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. ఎందుకంటే ఆ సమయాన్ని నిర్ణయించే విషయాల్లో కంప్యూటర్ వేగం కంటే ముందు వచ్చేవి మూడున్నాయి: వెతకడానికి ఇస్తున్న సీక్వెన్సుల మొత్తం పొడవు, వెతికే డేటాబేస్ పరిమాణం, ఎంత దూరపు పోలికను కూడా పట్టుకోవాలన్న పట్టింపు.

అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ పని ఇప్పటికే ఎవరైనా చేసి పెట్టారా? ఆంధ్రా తీరంలో చెరువులన్నిటా కనిపించే వెనామీ రొయ్య 2009లో ప్రభుత్వ అనుమతితో దేశంలోకి వచ్చింది. దాని జీనోమ్ 2019లో ప్రచురితమైంది, అందులో 25 వేలకు పైగా ప్రోటీన్ జన్యువులను గుర్తించారు. కాబట్టి వెనామీపై పనిచేసేవారు రీడ్లను, అంటే సీక్వెన్సింగ్ యంత్రం చదివిన చిన్న ముక్కలను, ఆ జీనోమ్ మీద హైశాట్2 లాంటి అలైనర్‌తో (సరిపోయే చోటు వెతికే ప్రోగ్రాముతో) అమర్చుకుంటే, జన్యువుల పేర్లలో అధికభాగం సిద్ధంగా దొరుకుతాయి. అలా కాకుండా రీడ్లన్నిటినీ కలిపి కొత్తగా అసెంబ్లీ చేసి (ముక్కలను అతికి పొడవైన సీక్వెన్సులుగా కూర్చి), ప్రతి ముక్కకూ మళ్లీ పేరు వెతకడం చాలా సందర్భాల్లో అనవసర శ్రమే. విశాఖలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం గుడ్లు పెట్టించి పిల్లలను పెంచిన ఇండియన్ పంపానో వంటి చేపల విషయం వేరు. ఒక జాతికి నమ్మదగిన రెఫరెన్సు (పోల్చుకోవడానికి ప్రామాణిక జీనోమ్) అందుబాటులో లేనప్పుడు, లేదా ఉన్నది అరకొరగా ఉన్నప్పుడు కొత్త అసెంబ్లీ, కొత్త అనొటేషన్ తప్పవు. ఇక్కడి నుంచి చెప్పేదంతా అలాంటి జాతుల గురించే.

మొదట డేటా పరిమాణాన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే కంపెనీ నివేదికలో ‘6 జీబీ డేటా’ అని రాసి ఉంటే అది ఫైలు పరిమాణం కాకపోవచ్చు. అక్కడ ‘జీబీ’ అంటే సాధారణంగా గిగాబేస్, అంటే వంద కోట్ల బేస్‌లు (సీక్వెన్సులోని అక్షరాలు). 150 బేస్‌ల చొప్పున రెండు చివరల నుంచి చదివిన 2 కోట్ల రీడ్ జతలు కలిపితే 600 కోట్ల బేస్‌లు, అంటే 6 గిగాబేస్‌లు అవుతాయి. రీడ్లు ఉండే ఫాస్ట్‌క్యూ ఫైలులో ప్రతి బేస్‌కూ ఒక నాణ్యత అక్షరం తోడవుతుంది, ప్రతి రీడ్‌కూ ఒక పేరు వరుస ఉంటుంది. దాంతో కుదించని ఫైళ్లు రెండూ కలిపి డిస్క్ మీద సుమారు 14, 15 గిగాబైట్ల చోటు తీసుకుంటాయి. అలాంటి నమూనాలు పన్నెండు ఉంటే, ముడి డేటా, శుభ్రపరిచిన డేటా, మధ్యలో పుట్టే తాత్కాలిక ఫైళ్లు అన్నీ కలిసి ఒక టెరాబైట్ డిస్క్‌ను సులువుగా మింగేస్తాయి.

అసెంబ్లీ దశలో చిక్కంతా మెమరీ దగ్గరే. ఎక్కువమంది వాడే అసెంబ్లీ ప్రోగ్రాము ట్రినిటీ 2011లో వచ్చింది. దాన్ని తయారుచేసినవారు చెప్పే స్థూలమైన లెక్క ప్రకారం పది లక్షల రీడ్ జతలకు ఒక గిగాబైట్ ర్యామ్, అరగంట నుంచి గంట సమయం పడతాయి. పైన చెప్పిన పన్నెండు నమూనాలకు 24 కోట్ల జతలు కాబట్టి, ఈ లెక్కను యథాతథంగా తీసుకుంటే 240 గిగాబైట్ల ర్యామ్ కావాలి. అయితే ఎక్కువసార్లు చదివిన జన్యువుల రీడ్లలో మిగులును వదిలేసే నార్మలైజేషన్‌ను ట్రినిటీ తనంతట తానే చేస్తుంది, అందువల్ల నిజమైన అవసరం దీనికంటే బాగా తగ్గవచ్చు. మరో సంగతి చాలామంది పని మధ్యలో ఆగిపోయాక గానీ గమనించరు. ట్రినిటీ తన చివరి దశలో లక్షల కొద్దీ చిన్న ఫైళ్లను సృష్టిస్తుంది. ఉమ్మడి సర్వర్లలో ఒక్కొక్కరికి ఎన్ని ఫైళ్లుండవచ్చో పరిమితి ఉంటుంది కాబట్టి, డిస్క్‌లో చోటు మిగిలి ఉండగానే పని ఆగిపోతుంది.

అసెంబ్లీ ముగిశాక చేతికి వచ్చేది రెండు మూడు లక్షల ట్రాన్స్‌క్రిప్టుల (కూర్చిన ఆర్ఎన్ఏ సీక్వెన్సుల) ఫైలు కావచ్చు. ఏ చేపకూ అన్ని లక్షల జన్యువులుండవు. ఒకే జన్యువుకు చెందిన పలు రూపాలు, ముక్కలైన సీక్వెన్సులు, బ్యాక్టీరియా నుంచో పరాన్నజీవి నుంచో వచ్చిన ఆర్ఎన్ఏ, అసెంబ్లీ లోపాలు అన్నీ అందులో కలిసి ఉంటాయి. దీన్నంతా యథాతథంగా తీసుకెళ్లి డేటాబేస్ వెతుకులాటకు ఇవ్వడంలోనే వారాల కొద్దీ యంత్ర సమయం వృథా అవుతుంది. 95 శాతం పోలిక ఉన్నవాటిని సీడీ-హిట్‌తో ఒకటి చేయడం, శాల్మన్ లాంటి సాధనంతో ఉనికిని లెక్కించి ఏ నమూనాలోనూ చెప్పుకోదగ్గ స్థాయిలో కనిపించని వాటిని పక్కన పెట్టడం, ట్రాన్స్‌డీకోడర్‌తో ప్రోటీన్‌గా మారగల భాగాలను మాత్రమే తీసుకోవడం అనే మూడు పనులు చేస్తే ఫైలు చాలాసార్లు సగానికి, అంతకంటే తక్కువకు కూడా దిగుతుంది. మూడూ ఒక మామూలు డెస్క్‌టాప్ మీద గంటల్లో ముగిసే పనులు.

అయితే ఈ పొదుపు ఎక్కడ చేటు తెస్తుందో తెలిసి చేయాలి. ట్రాన్స్‌డీకోడర్ డిఫాల్టుగా కనీసం 100 అమైనో ఆమ్లాల పొడవున్న భాగాలనే తీసుకుంటుంది. రొయ్యల రోగనిరోధకతలో ముఖ్యమైన పెనైడిన్లు అనే చిన్న ప్రోటీన్లు తమ సిగ్నల్ భాగంతో కలిపినా చాలావరకు 100కు లోపే ఉంటాయి. తెల్లమచ్చ వైరస్ సోకిన రొయ్య ఎలా స్పందిస్తోందో తెలుసుకునే అధ్యయనంలో ఆ డిఫాల్టును ముట్టుకోకుండా వదిలేస్తే, వెతుకుతున్న జన్యువులే మొదటి జల్లెడలో రాలిపోతాయి. ఆ హద్దును 50కి దించితే అవి నిలుస్తాయి గానీ, వాటితోపాటు యాదృచ్ఛికంగా ఏర్పడిన వేలాది నకిలీ భాగాలు కూడా వచ్చి చేరతాయి, ఆ మేరకు తర్వాతి దశల సమయం పెరుగుతుంది. ఇలాంటిచోట యంత్ర సమయాన్ని ఆదా చేయబోవడం తప్పు ఎంపిక అవుతుంది.

ఇక అసలు వెతుకులాట. సీక్వెన్సులను డేటాబేస్‌తో పోల్చడానికి 1990లో వచ్చిన ప్రోగ్రాము బ్లాస్ట్ ఇప్పటికీ చాలా ప్రయోగశాలల్లో మొదట గుర్తొచ్చే పేరు. ట్రాన్స్‌క్రిప్టును నేరుగా ప్రోటీన్ డేటాబేస్‌తో పోల్చే బ్లాస్ట్‌ఎక్స్, ప్రతి సీక్వెన్సునూ ఆరు ఫ్రేముల్లో (అక్షరాలను మూడేసి చొప్పున చదవగల ఆరు విధాలుగా) అనువదించి ఆరింటినీ వెతుకుతుంది. ముందే ట్రాన్స్‌డీకోడర్‌తో ప్రోటీన్‌గా మార్చుకుని బ్లాస్ట్‌పి నడిపితే పని ఒక్క ఫ్రేముకు తగ్గుతుంది.

సమయాన్ని అంచనా వేయడానికి ఎవరినో అడగడం కంటే తన ఫైలుతో, తన సిస్టమ్ మీద కొలుచుకోవడమే నమ్మదగిన దారి. ఫైలు మొదట్లో ఉన్న సీక్వెన్సులు కాకుండా, అక్కడక్కడ నుంచి యాదృచ్ఛికంగా తీసిన 500 సీక్వెన్సులతో ఒకసారి, 2,000 సీక్వెన్సులతో మరోసారి నడపాలి. ఒక్క కొలత చాలదు, ఎందుకంటే డేటాబేస్‌ను డిస్క్ నుంచి మెమరీలోకి చదవడానికి పట్టే స్థిరమైన సమయం అందులో కలిసిపోతుంది. ఉదాహరణకు 500కు 4 నిమిషాలు, 2,000కు 13 నిమిషాలు పట్టాయనుకుందాం. అదనంగా వేసిన 1,500 సీక్వెన్సులకు 9 నిమిషాలు పట్టింది కాబట్టి, వెయ్యికి 6 నిమిషాలు, స్థిరమైన ఖర్చు 1 నిమిషం. మొత్తం ఫైలులో 1,20,000 సీక్వెన్సులుంటే 720 నిమిషాలు, అంటే దాదాపు 12 గంటలు. సీక్వెన్సుల సంఖ్యకు బదులు వాటి మొత్తం అక్షరాల సంఖ్యతో ఇదే లెక్క వేస్తే ఇంకా దగ్గరి అంచనా వస్తుంది. ఎందుకంటే పది వేల బేస్‌ల ట్రాన్స్‌క్రిప్టు ఒక్కటి మూడు వందల బేస్‌లవి ముప్ఫైకి పైగా చేసేంత పని చేయిస్తుంది.

ఆ 12 గంటలు నిపుణులు ఒక్కొక్కటిగా పరిశీలించి నింపిన స్విస్‌ప్రాట్ మీద పట్టాయనుకుందాం. స్విస్‌ప్రాట్‌లో ఉన్నవి సుమారు 5.7 లక్షల ప్రోటీన్లు, కుదించిన ఫైలు వంద మెగాబైట్లకు లోపే. కంప్యూటర్ తనంతట తానే వివరాలు నింపిన దాని తోడు డేటాబేస్ ట్రెంబుల్ 2020ల తొలి ఏళ్లలోనే 20 కోట్లు దాటింది. బ్లాస్ట్ సమయం డేటాబేస్ పరిమాణంతో పాటు దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది కనుక, అదే ఫైలును 350 రెట్లు పెద్దదైన డేటాబేస్ మీద వదిలితే 12 గంటలు 4,200 గంటలవుతాయి, అంటే 175 రోజులు. మొదట్లో చెప్పిన రెండు గంటలకూ మూడు నెలలకూ మధ్య తేడా ఇలాగే వస్తుంది. అమెరికా జాతీయ బయోటెక్నాలజీ సమాచార కేంద్రం నిర్వహించే ఎన్ఆర్ డేటాబేస్ ఇంకా పెద్దది. దాన్ని బ్లాస్ట్ రూపంలో దించుకోవడానికే వందల గిగాబైట్ల డౌన్‌లోడ్ కావాలి, కళాశాల ఇంటర్నెట్ మీద అది ఒక ప్రత్యేక ప్రాజెక్టే.

అంత పెద్ద డేటాబేస్ వల్ల వచ్చే అదనపు ఫలితం ఏమిటన్నది కూడా చూడాలి. ఎన్ఆర్‌లో దొరికే పోలికల్లో చాలావాటి పేరు ‘హైపోథెటికల్ ప్రోటీన్’ అనో ‘అన్‌క్యారెక్టరైజ్డ్ ప్రోటీన్’ అనో ఉంటుంది. అటువంటి పేరుతో జన్యువు పని తెలియదు, అది మరో జాతిలో కూడా ఉందని మాత్రమే తెలుస్తుంది. కాబట్టి ముందు స్విస్‌ప్రాట్, తర్వాత దగ్గరి జాతుల ప్రోటీన్లు, అప్పటికీ దేనితోనూ పోలిక దొరకని వాటికి మాత్రమే పెద్ద డేటాబేస్ అనే మెట్ల పద్ధతి అన్ని విధాలా మేలు. పంపానోకైతే దగ్గరి చేపల ప్రోటీన్లను ముందు పెట్టడం వల్ల వేగంతోపాటు నాణ్యత కూడా పెరుగుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: ఈ-వాల్యూ (అంతటి పోలిక యాదృచ్ఛికంగా ఎన్నిసార్లు దొరకవచ్చన్న అంచనా) డేటాబేస్ పరిమాణంపై ఆధారపడుతుంది కనుక, చిన్న డేటాబేస్‌లో వచ్చిన ఈ-వాల్యూనూ పెద్దదానిలో వచ్చినదాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. డేటాబేస్ పరిమాణంతో మారని బిట్ స్కోరును పోల్చవచ్చు.

కోర్లు పెంచితే వేగం ఆ మేరకు పెరుగుతుందన్న నమ్మకం కూడా పరీక్షకు నిలవదు. ఒక పనిలో పదో వంతు సమాంతరంగా చేయలేనిదైతే, 32 కోర్లు ఇచ్చినా వేగం 8 రెట్లకు కూడా చేరదని 1967 నాటి ఆమ్‌దాల్ సూత్రం చెబుతుంది. అదే ఫైలును నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు 8 కోర్లు ఇచ్చి నాలుగు బ్లాస్ట్ జాబులు ఒకేసారి నడిపితే, అదే లెక్క ప్రకారం మొత్తం వేగం 18 రెట్లు దాటుతుంది. వెతికే ఫైలును ముక్కలు చేయడం వల్ల ఫలితాలు మారవు. డేటాబేస్‌ను ముక్కలు చేస్తే మాత్రం, దాని అసలు పరిమాణాన్ని ప్రోగ్రాముకు విడిగా చెప్పకపోతే, ఈ-వాల్యూలు మారిపోతాయి.

2015లో వచ్చిన డైమండ్ అనే వెతుకులాట ప్రోగ్రాము ఈ లెక్కలన్నిటినీ తలకిందులు చేసింది. రెండు ఓటర్ల జాబితాలను అక్షరక్రమంలో పేర్చి పక్కపక్కన పెట్టుకుని ఒకే పేర్లను గుర్తించినట్టు, అది వెతికే సీక్వెన్సులలోని చిన్న ముక్కలనూ డేటాబేస్‌లోని ముక్కలనూ రెండింటినీ క్రమంలో పెట్టి ఒకేసారి పోలుస్తుంది. చిన్న రీడ్ల విషయంలో బ్లాస్ట్‌ఎక్స్ కంటే 20,000 రెట్లు వేగమని దాని కర్తలు ప్రకటించారు. పొడవైన ట్రాన్స్‌క్రిప్టులకు, దూరపు పోలికలను కూడా పట్టుకునే సెన్సిటివ్ పద్ధతికి ఆ అంకెను ఆశించకూడదు గానీ, నెలల పనిని రోజులకు, రోజుల పనిని గంటలకు దించడం మాత్రం మామూలే. ఇక్కడ బ్లాస్ట్ అలవాటు అడ్డొస్తుంది. బ్లాస్ట్‌కు ఫైలును ముక్కలు చేయడం లాభం, డైమండ్‌కు నష్టం. క్రమంలో పేర్చే ఖర్చు ప్రతి ముక్కకూ మళ్లీ పడుతుంది కాబట్టి మొత్తం ఫైలును ఒకేసారి ఇవ్వాలి. ఒక్కో విడతలో ఎంత సీక్వెన్సు తీసుకోవాలో చెప్పే బ్లాక్ పరిమాణం అనే ఎంపిక మెమరీని శాసిస్తుంది. ఆ అంకెకు ఆరు రెట్ల గిగాబైట్లు పడతాయని దాని కరదీపిక చెబుతుంది. డిఫాల్టు అయిన 2కు 12 గిగాబైట్లు, అంటే 16 గిగాబైట్ల ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. 64 గిగాబైట్ల సిస్టమ్‌లో దాన్ని 8కి పెంచితే 48 గిగాబైట్లు వాడుకుని త్వరగా ముగిస్తుంది.

వెతుకులాట వేగం పెరిగాక అనొటేషన్‌లో నెమ్మదైన మెట్టు ఇంటర్‌ప్రోస్కాన్‌కు మారింది. అది పీఫామ్, పాంథర్ వంటి పలు ప్రోటీన్ కుటుంబాల డేటాబేస్‌ల నమూనాలతో ప్రతి ప్రోటీన్‌నూ విడివిడిగా పోల్చి చూస్తుంది, దాని సమాచార ఫైళ్లే పదుల గిగాబైట్లుంటాయి. ఇప్పటికే డేటాబేస్‌లలో ఉన్న ప్రోటీన్ల ఫలితాలను ఇంటర్నెట్ ద్వారా తెచ్చుకునే సదుపాయం అందులో ఉంది గానీ, అది అక్షరం అక్షరం సరిపోయిన సీక్వెన్సులకే పనిచేస్తుంది. కొత్త జాతి అసెంబ్లీకి దాని వల్ల ఒరిగేది తక్కువ. అన్ని విశ్లేషణలూ ఎంచుకోకుండా అవసరమైనవి రెండు మూడు మాత్రమే ఎంచుకుంటే సమయం ఎంతో కలిసివస్తుంది. ఇందులో ఒక చిన్న విషయం రాత్రంతా నడవాల్సిన జాబును మొదటి నిమిషంలోనే ఆపేస్తుంది. ట్రాన్స్‌డీకోడర్ ప్రతి పూర్తి ప్రోటీన్ చివరా దాని ముగింపును తెలిపే స్టాప్ కోడాన్‌కు గుర్తుగా ఒక నక్షత్రం పెడుతుంది, ఇంటర్‌ప్రోస్కాన్ ఆ నక్షత్రాన్ని అంగీకరించదు. పని మొదలుపెట్టే ముందు ఆ గుర్తులన్నిటినీ ఒక్క ఆదేశంతో తీసేయాలి. పీఫామ్‌ను మాత్రమే హమ్మర్ ప్రోగ్రాములతో విడిగా చూసుకునేవారు, వేల సీక్వెన్సులున్నప్పుడు హమ్మర్‌స్కాన్ కంటే హమ్మర్‌సెర్చ్ గణనీయంగా వేగమని గుర్తుంచుకోవాలి. మొదటిది ప్రతి ప్రోటీన్‌కూ నమూనాల ఫైలు మొత్తాన్నీ డిస్క్ నుంచి మళ్లీ చదువుతుంది, అందుకే కోర్లు ఎన్ని పెంచినా దాని వేగం అంతగా పెరగదు.

జన్యు ఆంటాలజీ పదాలు (జన్యువుల పనులకు వాడే ప్రామాణిక పేర్లు), జీవక్రియా మార్గాలు మాత్రమే కావలసినవారికి ఎగ్‌నాగ్ మ్యాపర్ తక్కువ సమయంలో పని ముగిస్తుంది. లోపల అది కూడా డైమండ్‌నే వాడుతుంది. దాని సమాచార ఫైలును మొత్తంగా మెమరీలో పెట్టే ఎంపికకు 40 గిగాబైట్లకు పైగా ర్యామ్ కావాలి. అంత లేకపోతే ఫైలును మంచి ఎస్ఎస్‌డీ మీద పెట్టుకుంటే సరిపోతుంది. దాన్ని మామూలు హార్డ్ డిస్క్ మీద ఉంచి, ప్రోగ్రామే నెమ్మదిగా ఉందని అనుకునేవారు తక్కువమంది కాదు.

విశాఖలో ఈ అంచనాలకు కరెంటును, తుపాన్లను కూడా కలుపుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. అంత పెద్ద తుపాను అరుదే అయినా, వర్షాకాలం సాయంత్రాల్లో కరెంటు పోయి రావడం అరుదేమీ కాదు. మధ్యలో ఆగిన బ్లాస్ట్ తానెక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోదు, మళ్లీ మొదటి నుంచి రావాలి. ఫైలును యాభై ముక్కలుగా చేసి, ముగిసిన ముక్క పేరును ఒక జాబితాలో రాసుకునే చిన్న స్క్రిప్టు ఉంటే, కరెంటు పోయినా పోయేది ఒక ముక్క పని మాత్రమే. ట్రినిటీ మాత్రం అదే ఫోల్డరులో అదే ఆదేశంతో మళ్లీ నడిపితే, ముగిసిన దశలను వదిలి మిగతావాటితో కొనసాగుతుంది.

సొంత సిస్టమ్ చాలనప్పుడు దారులు లేకపోలేదు. జీవశాస్త్ర విశ్లేషణలకు ఆన్‌లైన్ వేదిక అయిన గెలాక్సీ యూరప్ సర్వర్‌లో ఖాతా తెరిస్తే ట్రినిటీ, డైమండ్, ఇంటర్‌ప్రోస్కాన్ మూడూ బ్రౌజర్ నుంచే ఉచితంగా నడుపుకోవచ్చు. అక్కడి ఖర్చల్లా క్యూలో నిరీక్షణ, గంటల తరబడి అప్‌లోడ్. 2015లో మొదలైన జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ వంటి యంత్రాలు ఏర్పడ్డాయి. అలాంటి వాటికి ఆ సంస్థతో ముందే కుదిరిన సహకారం, ముందస్తు దరఖాస్తు కావాలి. ఇక క్లౌడ్. 2025 అక్టోబరులో విశాఖకు గూగుల్ భారీ డేటా సెంటర్ ప్రకటన వెలువడ్డాక, ఊళ్లోనే సర్వర్లుంటే అద్దె తగ్గుతుందన్న ఆశ కొందరిలో కనిపిస్తోంది. క్లౌడ్ అద్దెకూ, వాడేవారి ఇల్లు డేటా సెంటర్‌కు ఎంత దగ్గరన్నదానికీ సంబంధం లేదు. అక్కడ బిల్లును పెంచేవి ర్యామ్ ఎక్కువున్న యంత్రాన్ని పని ముగిశాక ఆపడం మరిచిపోవడం, ఫలితాలను బయటకు దించుకునేటప్పుడు పడే రుసుము. అసెంబ్లీ ఒక్కదానికే పెద్ద యంత్రాన్ని రెండు మూడు రోజులు అద్దెకు తీసుకుని, అనొటేషన్‌ను సొంత డెస్క్‌టాప్ మీద చేసుకోవడం చాలా ప్రయోగశాలలకు సరిపోయే ఏర్పాటు.

ప్రాజెక్టు ప్రతిపాదనలో కంప్యూటర్ కొనుగోలుకు నిధులు అడిగేవారు ఈ లెక్కలనే కొటేషన్‌లోకి తేవాలి. ఖరీదైన జీపీయూ వర్క్‌స్టేషన్ చూడ్డానికి ఘనంగా ఉంటుంది గానీ ట్రినిటీ, బ్లాస్ట్, డైమండ్ ఏవీ దాన్ని వాడుకోవు. ప్రోటీన్ ఆకృతుల అంచనా లాంటి పని ఉంటే తప్ప ఆ డబ్బు ర్యామ్‌కు మళ్లించడమే మంచిది. 16 భౌతిక కోర్లు, 128 గిగాబైట్ల ర్యామ్, డేటాబేస్‌లకూ తాత్కాలిక ఫైళ్లకూ రెండు టెరాబైట్ల ఎన్‌వీఎంఈ డిస్క్, ముడి డేటాకు విడిగా మామూలు హార్డ్ డిస్కులు, అరగంటైనా నిలబెట్టే యూపీఎస్ ఉంటే ఒక చేప ట్రాన్స్‌క్రిప్టోమ్ అనొటేషన్ పైన చెప్పిన మెట్ల పద్ధతిలో వారం లోపు ముగించవచ్చు. ర్యామ్‌ను రెండు పెద్ద కార్డులుగా తీసుకుని మిగతా స్లాట్లు ఖాళీగా ఉంచమని సరఫరాదారుకు రాతపూర్వకంగా చెప్పాలి. నాలుగు స్లాట్లూ చిన్న కార్డులతో నింపి ఇచ్చారంటే, తర్వాత నమూనాలు పెరిగి 256 గిగాబైట్లు అవసరమైనప్పుడు ఉన్నవన్నీ తీసేసి కొత్తవి కొనాల్సి వస్తుంది.